మిగులు గుడ్డ

అజ్మాన్‌ల చేపల మార్కెట్ ఎనక
మా దుకాణానికి ఇయ్యాల ఒక కోటు వచ్చింది.
తెచ్చిన నర్సు పేరు చెప్పలె.
"సారు బాగ తగ్గిపోయిండు, నడుము కాడ లోపటికి పట్టాలె,
శుక్రవారం లోపట" అన్నది.
శుక్రవారం ఎందుకో నేనడగలె.

చాయ్ తాగుతున్న తిజానీ, నీళ్ల ట్యాంకర్ డ్రైవరు,
కాలరు మీది పిట్ట గుర్తు చూసి గ్లాసు కింద పెట్టిండు.
"మా అధ్యక్షునిది" అన్నడు.
జరసేపాగి "మా జనరల్‌ది" అని దిద్దుకున్నడు.

నది యుద్ధంల ఈయన ఎంట నడిచినందుకు
తిజానీ నాయినకు ఆరెకరాలు దక్కినయట. మక్క పండేదట.
ఆ నాయిన పెద్దకొడుకే
రొట్టె ధర అడగనీకి ఊరేగింపుల పోయిండు, తిరిగి రాలె.
నాయిన సచ్చేదాక గోడ మీది ఫోటో దించలె.
అమ్మ రోజూ తుడిచేదట,
ఫోటోను కాదు, దాని కింది గోడను.

నాకు రాజకీయం తెల్వది.
సిరిసిల్లల మగ్గం, ఈడ మిషన్.
పక్క కుట్టు విప్పిన.
లోపట మూడు వరుసల సూది బెజ్జాలు.
మొదటిది చేతికుట్టు, ముప్ఫై అంగుళాల నడుముది,
ఏ గుడారంలనో దీపం ముందట ఏసినట్టు వంకర.
తర్వాతియి రెండూ మిషన్‌వి, వదులు చేసినయి.
"ఒకటి కుర్చీ ఎక్కిన ఏడు,
ఇంకోటి ఓట్లు లెక్కపెట్టకుండనే గెలిచిన ఏడు"
తిజానీ వేళ్ల మీద చెప్పిండు.
ఎండ తగలని గుడ్డ ఇంకా
లేతాకు లెక్క పచ్చగుంది.

పతకాలు లెవ్వు. గుచ్చిన కాడ చిల్లులున్నయి.
లెక్కపెట్టబోయి మానేసిండు.
"ఆ రాత్రి నది దాటించకపోతే మాకు ఊరే లేదు.
అది నిజమే" అన్నడు.
నేను సుద్దతోని గీత గీస్తున్న.
"మా అన్న గూడ నిజమే."

కొలత తిరిగి తిరిగి
ఆ మొదటి బెజ్జాల మీదికే వచ్చింది.
మిగులు గుడ్డ కోద్దామని కత్తెర అందుకుంటే
తిజానీ చెయ్యి అడ్డం పెట్టిండు.
"కొయ్యకు. లోపటికి మడిచి కుట్టు.
పైనుంచి చూసేటోళ్లకు సన్నగనే కనబడనీ.
ఎన్నడన్న ఒకడు విప్పి చూస్తే
ఎంత ఉబ్బిండో వానికి తెల్వాలె."

నాలుగు దిర్హాముల పని ఎక్కువైంది. బిల్లుల రాయలె.

గురువారం పొద్దూకంగ నర్సు వచ్చింది.
మడత మీద బొటనవేలు నడిపించి ఒక్కకాడ ఆగింది.
"ఈడ దళసరిగుంది గదా, ఒరుసుకోదా?"
"ఒరుసుకుంటది" అన్న.