ఎడమకాలు

సుంకి దగ్గర ఘాటీ మలుపులో
నాది క్లచ్ ప్లేట్ల కొట్టు.
బోర్డు లేదు. అరిగిన ప్లేట్లు మేకులకి వేలాడదీశాను,
ఒడియా వాళ్ళకీ తెలుగు వాళ్ళకీ అదే అక్షరం.

మంచు దిగే కార్తీకంలో
బండి కనపడక ముందే వాసనొస్తుంది.
బ్రేకు కాలితే ఒక వాసన, క్లచ్ కాలితే ఇంకొకటి.
రెండోదైతే స్పానర్లు సర్దుకుంటాను.
మొదటిదైతే డ్రైవరుని కూర్చోబెట్టి టీ పోస్తాను,
డ్రమ్ముల మీద మాత్రం
ఒక్క చుక్క నీళ్ళు పొయ్యనివ్వను.
వేడి మీదున్నదాన్ని తడిపితే పగుల్తుంది,
మనిషైనా అంతే.

సునాబెడ ఫ్యాక్టరీ బాబులు,
కొత్తగా లోను దొరికిన మాస్టార్లు
అందరిదీ ఒకటే ప్రశ్న:
గేర్ల బండి కొనమంటావా, ఆటోమేటిక్కా?
ఇరవై ఎనిమిదేళ్ళు సాలూరు లారీ తోలినవాణ్ణి,
జవాబు నాలుక మీదే ఉండేది:
"ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల బాబూ.
కొండ అడుగుతాది, సెయ్యి సెప్పాల.
సేతికి పనే లేకపోతే ఏటి సెప్తాది?"

నూకరాజు సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు.
గేర్లన్నీ వేళ్ళ కొసల మీద ఉన్నవాడు.
లీటరు డీజిలు మిగులుతుందని
న్యూట్రల్ కొట్టి దిగాడు.
లోయలో వాడి అల్లం బస్తాలు
మూడు వానాకాలాలు మొలకెత్తాయి.
అక్కడ ఇప్పటికీ హారను కొడతాను,
ఎదురుగా బండి వస్తుందని కాదు.

మొన్న సుభాషిణి ఖొరా వచ్చింది,
పొట్టంగి ఆసుపత్రి నర్సు.
చిన్న తెల్ల కారు.
డోరు తీసి ముందు చేతికర్ర దింపింది,
తర్వాత కుడికాలు,
తర్వాత రెండు చేతులతో ఎత్తి, ఎడమకాలు.
"మౌసా, టైర్లో గాలి తగ్గింది, చూడు."

చూశాను. గాలి కాదు, లోపల.
రెండే పెడళ్ళు.
ఎడమ పక్క రబ్బరు మ్యాటు
కొన్నరోజు ఉన్నట్టే ఉంది.
నా పాత పాట ఎత్తుకున్నాను.
ఆమె చివరిదాకా వింది, నర్సులు రోగి మాట విన్నట్టు.
"ఎల్‌లో పెట్టి దిగుతాను మౌసా, ఇంజనే పట్టుకుంటుంది.
బ్రేకు మీద కాలు ఆనించి కూర్చుంటే
మీ బండైనా కాలుతుంది, నా బండైనా."
కాసేపాగి అంది:
"పదకొండేళ్ళు బస్సు మెట్టు ఎక్కాను.
ప్రతి మెట్టూ ఈ కాలిని పేరెట్టి పిలిచేది.
ఇప్పుడు దీన్ని ఎవరూ ఏమీ అడగరు."

తోలి చూడమని తాళం నా చేతిలో పెట్టింది.

మొదటి వంపుదాకా బాగానే పోయాను.
రెండో వంపులో ఎదురుగా గ్యాసు బండి,
నా ఎడమకాలు లేచి
నేలని తొక్కింది.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని దిగితే
గచ్చు తగులుతుందే, అలా
ఒళ్ళు మొత్తం కదిలింది.
కారు మాత్రం తన మానాన తను
మెల్లగా వంపు తిరిగింది.
చెయ్యి గేరు రాడ్డు మీద,
చచ్చిపోయిన స్నేహితుడి భుజం మీద వేసినట్టు,
ఊరికే ఉంది.

పక్క సీట్లో సుభాషిణి ఏమీ అనలేదు.
నా మోకాలు వంక చూసింది.
లారీ మానేసి ఆరేళ్ళయినా
మెట్లు దిగేటప్పుడు టకటకమనే మోకాలు.
"ఎన్నాళ్ళ నుంచి?" అంది.
చెప్పలేదు. గాలి పట్టినందుకు డబ్బులూ తీసుకోలేదు.

ఇవాళ పొద్దున్న సెమిలిగుడ మాస్టారొకాయన
అదే ప్రశ్న పట్టుకొచ్చాడు.
"ముందు పేంటు మడత పెట్టండి" అన్నాను.
ఆయన నవ్వాడు, వేళాకోళం అనుకున్నాడు.
ఇంకేదో చెప్పబోయాను గానీ
పైన మంచులోంచి వాసన.
బ్రేకో, క్లచ్చో
ఇంకా తెలియడం లేదు.
టీ గిన్నె స్టవ్వు మీద పెట్టి
స్పానర్లు కూడా చేతికి అందేట్టు జరుపుకున్నాను.