కాయ వరకే

కవిటి ఆస్పత్రి, మూడో పడక.
మిషనులోంచి తిరిగొస్తున్న నెత్తురు
గొట్టంలో ఎర్రతాడులా వణుకుతోంది.
నా పని కాగితం చదివి వినిపించడం.
పద్నాలుగు పేజీలు. చివర రెండు గడులు:
సమ్మతమే. సమ్మతం కాదు.

"ప్రతిరూప కణజాలోత్పత్తి" అని అచ్చయింది.
చదివాను. నాకే నోరు తిరగలేదు.
బమ్మిడి కూర్మినాయుడు కళ్ళు తెరిచి
"అంటేటమ్మా?" అన్నాడు.
చెప్పాను: మీ చర్మంలోంచి చిటికెడు తీస్తారు,
సీసాలో పెంచుతారు,
అచ్చం మీలాంటివే, ఒకటి వెయ్యి.
ఎప్పటికో ఒక కిడ్నీ కావచ్చు, కాకపోనూవచ్చు.
అయినా మీ దాకా రాదు.

"అంటు కడతారన్నమాట."

నలభై ఏళ్ళు జీడిమామిడి నర్సరీలో
ఆయన చేసింది అదే.
నాటు పిక్క మొలకని జానెడెత్తున కోసి,
చీల్చి, తల్లిచెట్టు చిగురుకొమ్మ దింపి
పాలిథిన్ పీలికతో బిగించి చుట్టడం.
రోజుకి రెండొందలు.
సోంపేట నుంచి మందస దాకా
ఒకే చెట్టు
ఈ చేతుల మీదుగా వెళ్ళి
ఎన్ని తోటల్లో నిలబడిందో లెక్కలేదు.

"ఆ సెట్టునేనాడూ అడగలేదమ్మా,
కొమ్మ కోస్తన్నాను, నీకిష్టవేనా అని.
నానే అడగనోడ్ని.
నన్నడగడానికి నువ్వొచ్చినావు."
నవ్వితే పెదవి పగిలింది.
రోజుకి మూడు గ్లాసులు ఆయనకి, కొలిచి.

తర్వాత తుపాను సంగతి చెప్పాడు.
నాటు చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయట.
అంట్లు మాత్రం ఒకే వైపుకి
వరస తప్పకుండా పడుకున్నాయట.
"ఒక్క తల్లి పిల్లలు గదా,
ఒక్కలాగే బయపడ్డాయి."

నేను ఏడో నిబంధనకొచ్చాను.
దాత మరణించిన తరువాత కూడా
కణములు నిల్వ ఉంచబడును.
"మరి ఆటికి దాహమేస్తాదా?"
కాగితంలో లేదన్నాను.
పై ఆఫీసులో అడిగితే
ఇదొక ప్రశ్నా అంటారని తెలుసు.

భార్య చిన్నమ్మడు పలాసలో పిక్క కొట్టే మనిషి.
అంతసేపూ పలకలేదు. ఒక్కసారి
"ఈ మనిసినే మల్లీ సెయ్యగల్రా?"
ఒప్పుకోరండీ అన్నాను. మనిషిని చెయ్యనివ్వరు.
"సేసినా ఏటి లాభం?
ఆడూ ఈ ఊర్లో ఈ బోరు నీల్లే తాగాల గదా.
నెత్తురు అట్టుకెల్లినారు. ఉచ్చ అట్టుకెల్లినారు.
మట్టి గోనె నింపి అట్టుకెల్లినారు.
ఏటి దొరికిందో సెప్పినోడు లేడు.
ఇప్పుడు తోలు."

మిషను కూసింది.
నర్సు వచ్చి గొట్టం సరిచేసి వెళ్ళింది.

కూర్మినాయుడు చాలాసేపు పైకప్పు చూశాడు.
"రాసుకో.
కాయ సేసుకుంటే సేసుకోండి.
మా ఈది గుంటడెవడికో అందితే సాలు.
సెట్టు మాత్తరం సెయ్యొద్దు.
నాలాటోడ్ని మల్లీ నిలబెట్టి
నీ పేరేట్రా అని అడిగితే
ఆడేటి సెప్తాడు?"

రాయడానికి చోటు లేదు. రెండు గడులే.
అంచున, పిన్ను పక్కన, నీలం పెన్నుతో రాశాను:
కాయ వరకే. చెట్టు వద్దు.
కింద ఆయన సంతకం,
"కూ" దగ్గర చెయ్యి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ.
సాక్షి చిన్నమ్మడు.
జీడిరసం కాల్చేసిన బొటనవేలు
మూడుసార్లు నొక్కినా
గీతల్లేని నల్లచుక్క.
"నా ఏలికి ముద్ర లేదమ్మా,
రేసన్ మిషను కూడా నన్ను పోల్చదు," అని
చీర చెంగుకి సిరా తుడుచుకుంది.

ఈ కాగితం వెనక్కొస్తుంది.
అదనపు రాతలు చెల్లవు, ముద్ర అస్పష్టం అని
ఎర్రసిరాతో.
తెలిసే ఒళ్ళో పరిచి పెట్టుకున్నాను బస్సులో,
కంచిలి దాటేదాకా మడవలేదు.

సంచీలో ఇంకా ఆరున్నాయి.
రేపు హరిపురం.