దొరువు జరిగిన దూరం

ఇస్కపల్లి అళంలో
నీళ్లను రమ్మనేదీ మేమే, పొమ్మనేదీ మేమే.
తెల్లారక ముందే బోరు తిప్పి కయ్యల్లోకి పారిస్తాం.
ఆనక గట్టు మీద నిలబడి ఎండను బతిమాలతాం,
తీసకపో తల్లీ, అడుగున మిగిల్చింది చాలు మాకు.

మేస్త్రి బాలకోటయ్య జేబులో ఒక గాజు గొట్టముంటది.
కయ్యలో వదిలితే నిటారుగా నిలబడి
నీళ్లు ఎంత చిక్కబడ్డాయో చెబుతుంది.
సముద్రానికి మూడు డిగ్రీలు.
ఇరవై నాలుగు దాటితే గల్లు కడుతుంది.
నేను గొట్టం చూడను.
నా పాదాల పగుళ్లకు ముందే తెలుస్తుంది.
ఇరవైకి చురుక్కుమంటాయి,
ఇరవై నాలుక్కి మొద్దుబారతాయి.

మా అవ్వ మస్తానమ్మకి తెలిసిన నీళ్లు వేరు.
ఇసకలో మోకాటి లోతు తవ్వి
ఊట తేలేదాకా పక్కన కూచుని ఆకు నమిలేది.
దొరువంటే అంతే.
ఉప్పు నీళ్ల వీపు మీద
తీపి నీళ్లు పడుకోనుంటాయి,
లేపకుండా ముంచుకోవాల.
"నిదానం మేయ్. కిందది లేసిందంటే
ఇద్దరికీ గుక్కెడుండవు" అనేది.
ఇద్దరంటే తనూ నేనూ అనుకున్నా చాన్నాళ్లు.
అవ్వ లెక్కలో రెండోది
మేం లేచిపోయేదాకా కాచుకోనుండే గువ్వ.

మొదటి దొరువు సరుగుడు తోట అవతల.
ఒక తుపానుకి సముద్రం వచ్చి దాన్లోకి తొంగిచూసిపోయింది.
అవ్వ పదడుగులు పడమటికి జరిగి ఇంకోటి తవ్వింది.
రొయ్యల గుంటలొచ్చాయి, ఇంకో ఇరవై.
బోర్లు పడ్డాయి,
మా అళం బోరూ ఉంది అందులో, అబద్ధమెందుకు,
ఇంకో నలభై.
మా ఇంట్లో ఏళ్లు దొరువులతోనే లెక్క.
నేను పెద్దమనిషయ్యింది సరుగుడు దొరువప్పుడు,
తమ్ముడికి కామెర్లొచ్చింది ముళ్లకంప దొరువప్పుడు.
ఇప్పటిదానికి పేరు లేదు. తారు రోడ్డు తగిలింది.
రోడ్డు దాటితే ఇనప కంచె.

మొన్న రోహిణి కార్తెలో వాన.
రాళ్లు పగిలే ఎండలుండాల్సిన రోజుల్లో
తూర్పు నల్లబడి మీద పడింది.
ఫోన్లకి ముందే చెప్పారంట. మా ఫోనులో చార్జింగు లేదు.
గట్టు మీద పద్దెనిమిది కుప్పలు, నెలన్నర కూలి.
పట్టలేమో ఏడు.
నేను ఒక చేత్తో పట్ట లాగతా
రెండో చేత్తో బకెట్టు వాన కింద పెట్టా.
రెండూ చేశా. సిగ్గుపడలా.
క్యాను ఇరవై రూపాయలు, ఆకాశం ఊరికే పోస్తా ఉంది.
ఊరికే పోస్తా పోస్తానే
నా కూలి తాగతా ఉంది.
తెల్లటి కుప్పలు భుజాలు జారి, నడుం జారి
కాలవలో పడి
వచ్చిన దారినే సముద్రానికి పోతా ఉంటే
మా జట్టులో రాగమ్మ తల పైకెత్తి నోరు తెరిచింది.
ఏడస్తందో తాగతందో
నేనడగలా.

వెలిసినాక మేస్త్రిని గొట్టం అడిగా.
"పగలగొట్టేవు, మూడొందలది" అన్నాడు.
రోడ్డు పక్క దొరువులో
అవ్వ చూస్తా ఉండంగా వదిలా.
తీపి నీళ్లలో అది మెడ దాకా మునగాల.
మునగలా.
అంత వాన తాగి కూడా
రెండు మీద నిలబడింది.

"ఎంతంట?"
"సముద్రానికి ఒకటి తక్కువ."

అవ్వకి గాజు మీది అంకెలు రావు,
అడుగుల లెక్క వచ్చు.
ముంత బోర్లించి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని
కంచె వైపు చూసింది చానాసేపు.
అవతల గుంటల్లో చక్రాలు నీళ్లను చిలకతా ఉండాయి,
నురగ అచ్చం మా ఉప్పు మాదిరే తెల్లగా.
తారు మీద ఇంకా వాన ఆవిరి.
దాని మీద పాదం పెట్టి,
ఒకటి, రెండు, అనుకుంటా
సగం రోడ్డు దాటి ఆగి
వెనక్కి తిరక్కుండానే అడిగింది,

"గడ్డపార యాడ పెట్టినావే?"