రెండొందల పన్నెండు

చీపురుపల్లి స్టేషను సైకిల్ స్టాండులో
బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.
తెల్లారి ప్యాసింజరు బండి వచ్చేలోగా
అట్టముక్కల టోకెన్లు పోయి
ఫోను టోకెన్లు రావాలని కాంట్రాక్టరు సూరిబాబు హుకుం.

డేటాబేసు చిన్నదే.
ఒక కీ, దానికో విలువ, అంతే.
నంబరు చెబితే సైకిలు చూపిస్తుంది.
డిస్కు దాకా పోదు, అంతా జ్ఞాపకంలోనే.
అందుకే అంత వేగం.
నా భయమూ అందుకే.

ముంబైలో ఎక్కడో ఒక మిషను
గంటకింతని అద్దెకి తీసుకున్నాను.
పాస్‌వర్డు పెట్టి, వీధి తలుపు మూసి,
లోపలి దారి ఒక్కటే తెరిచాను.
కూర్మయ్య బీడీ ఆర్పి నా భుజంమీంచి చూశాడు.
"ఏటి పాపా, నా బుర్రని ఆ పెట్టిలోకి ఒంపెత్తన్నావేటి?"
అవునన్నాను.
సాయంత్రం నుంచీ ఆయన చెబుతున్నాడు, నేను ఎక్కిస్తున్నాను:
నలభై ఏడు, గరివిడి ఫ్యాక్టరీ మేస్త్రిది, సీటు చిరిగింది.
నూటారు, కోచింగుకెళ్ళే పిల్లది, బెల్లు మోగదు.
నూటతొంభై, మాట్లాడకుండా డబ్బులిచ్చే ఆయనది.

రాత్రి రెండింటికి ఏదో మార్చి
మిషన్ని ఒకసారి ఆపి లేపాను.
లేచింది, అప్పుడే పుట్టినట్టు.
ఎన్ని కీలున్నాయని అడిగితే
సున్నా అంది.

"నీకు జ్వరమొస్తే ఏం చేసేవాడివి?"
షెడ్డు వెనక గోడ చూపించాడు.
సుద్దముక్క అంకెలు, ఒకదాని కింద ఒకటి,
వచ్చిన బండి, వెళ్ళిన బండి,
ఏదీ చెరపకుండా నేల దాకా.
నేనూ అదే పెట్టాను:
జరిగిందల్లా సెకనుకోసారి డిస్కు మీద రాసుకో.
మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. విసుక్కోలేదు.

ఇక గడువులు.
ప్రతి టోకెనూ ఒక రోజు బతికి
దానంతటదే పోవాలి.
"నానూ అంతే. ఆకరి బండెల్లిపోతే అన్నీ మర్సిపోతాను.
నేకపోతే నిద్దరెలగొస్తాది?"

జ్ఞాపకం నిండిపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి.
చాలాకాలంగా ఎవరూ ముట్టనిదాన్ని
ముందు తోసెయ్యమన్నాను.
మంచి రూలు. అందరూ వాడేదే.

మూల స్తంభానికి ఆనించి ఒక ఆకుపచ్చ సైకిలు.
హ్యాండిలుకి వెలిసిన అట్ట: 212.
ఇది చెప్పలేదేమన్నాను.
"ఎవలో గుంటడిది. ఇశాపట్నం ఎల్లొచ్చెస్తానని బండెక్కినాడు.
పదకొండేళ్ళయింది."
పేరు తెలీదట, నవ్వితే ఒక పన్ను మీద పన్నట.
రోజూ గుడ్డతో తుడుస్తాడు,
శనివారం శనివారం గొలుసుకి నూనె.

నా రూలు ప్రకారం ఇది ఎప్పటికీ పోదు.
రోజూ ఒక చెయ్యి ముడుతోంది కదా.

కానీ వచ్చే నెల నుంచి
స్టాండుకి మనిషి అక్కర్లేదని సూరిబాబు అన్నాడు.
నాతో అన్నాడు. ఈయనతో ఇంకా అనలేదు.

అయిదుంబావు. దూరంగా సిగ్నలు పచ్చబడింది.
రెండొందల పన్నెండుకి గడువు రాయలేదు.
రోజూ ఈ వేళకి ఊరికే దాన్ని ఒకసారి అడిగి పలకరించే
ఒక వరస కోడు రాసి
ఎవరికీ కనపడని చోట పెట్టాను.

"విలువ దగ్గర ఏం రాయను తాతా?"
వంగి టైరు నొక్కి చూశాడు.
"గాలి కొట్టున్నాదని రాయి."

రాశాను.