పదిహేడు సెకన్లు

పద్నాలుగేళ్లు పసుపు బస్సు నడిపాను,
మెయిన్ రాష్ట్రం ఉత్తరాన, బంగాళాదుంప పొలాల మధ్య.
పిల్లల్ని ఎదురుగా చూసింది తక్కువ.
తలపైన మూరెడు అద్దంలో
కుడి ఎడమైన మొహాలుగా చదివాను.
ఎవరు నిద్ర చాలక ఎక్కారో,
ఎవరి లంచ్ డబ్బా ఖాళీగా మోగుతోందో
బ్రేకు మీద కాలికి తెలిసినట్టు తెలిసేది.

నలభై మూడో ఏట మళ్లీ విద్యార్థినయ్యాను.
మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసు,
మంచులో యాభై మైళ్లు.
శిశువికాసం, గణాంకాలు, వృత్తినీతి,
దుఃఖం మీద ఒక కోర్సు, మూడు క్రెడిట్లు.
దుఃఖానికి మూడేనా అని అడిగితే
ప్రొఫెసర్ పెల్కీ కళ్లద్దాలు తుడుచుకుంటూ
"వేసవిలో తీసుకుంటే రెండే" అంది.

మొదట బట్టీ పట్టించిన వాక్యం ఇది:
నువ్వు చెప్పింది ఈ గది దాటదు,
నిన్నెవరైనా గాయపరుస్తుంటే తప్ప,
నిన్ను నువ్వో, ఇంకొకరినో గాయపరచబోతుంటే తప్ప.
గిన్నెలు కడుగుతూ వల్లించాను.
వల్లించినకొద్దీ
ఆ రెండు "తప్ప"ల దగ్గరే
గొంతు గతుకుల్లో పడేది.

తర్వాత మూడు కుర్చీల అభ్యాసం.
ఒకరు కౌన్సిలర్, ఒకరు బాధలో ఉన్న పిల్లాడు,
ఒకరు పెన్సిల్ పట్టుకున్న సాక్షి.
బాధ కల్పించి చెప్పాలి, అదీ నియమం.
వెండెల్ అనే పాతికేళ్లవాడు
తండ్రి పడవ గురించి ఏదో కట్టుకథ ఎత్తుకున్నాడు.
సగంలో ఎక్కడో అది కథ కాకుండా పోయింది.
సాక్షి పెన్సిల్ ఆగింది.
టైమర్ మోగింది, మోగుతూనే ఉంది,
దాన్ని ఆపడం ఎవరి పనో
మాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు.

అక్టోబరులో నిజమైన బడి, నిజమైన పిల్లాడు.
లూసియన్ అందాం. అది వాడి పేరు కాదు.
దుంపలు తవ్వే సెలవులు అప్పుడే ముగిశాయి,
వాడి గోళ్లలో ఇంకా మట్టి ఉంది.
తల్లి సంతకంతో మాటలు రికార్డు చేశాను,
రాత్రి కూర్చుని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశాను:
ఒక గడిలో వాడి మాట, ఒక గడిలో నా మాట,
మూడో గడిలో నేను అనవలసింది.

పెల్కీ ఎర్ర సిరాతో తిరిగొచ్చింది కాగితం.
"పదిహేడు సెకన్లు మౌనం.
ఇక్కడ మీరెందుకు మాట్లాడారు?"

నేనడిగింది: నీ కుక్క పేరేంటి?

మళ్లీ విన్నాను, చెవికి ఆనించుకుని.
పదిహేనో సెకను దగ్గర
వాడు ఊపిరి తీసుకుంటున్నాడు,
మాట కోసం తీసుకునే ఊపిరి.
నోటిదాకా వచ్చిన ముద్దని
చెయ్యి తట్టి నేలపాలు చేసింది నేనే.
కుక్క పేరు బిస్కట్ అట.

నవంబరు. మూడున్నరకే చీకటి ముసిరింది.
ఎదురెదురుగా, కాస్త ఏటవాలుగా, కళ్లలోకి చూస్తూ
అని నేర్చుకున్న కుర్చీలు రెంటినీ
కిటికీ వైపు తిప్పేశాను.
ఇద్దరం బయట పార్కింగ్ చూస్తూ కూర్చున్నాం,
ఎక్కడికీ వెళ్లని బస్సులో లాగా.
కాసేపటికి నల్లబడ్డ గాజులో
వాడి మొహం తేలింది,
నాకు అలవాటైన వైపు నుంచి.

వాడు గాజుతో చెప్పింది ఇక్కడ రాయను.
ఆ వాక్యం బట్టీ పట్టాను కదా.
రెండు "తప్ప"లూ దాటలేదని మాత్రం చెప్తాను,
ఇంటికెళ్తూ రోడ్డు పక్కన కారు ఆపి
అది రెండుసార్లు సరిచూసుకున్నానని కూడా.

గంటల పుస్తకంలో: ప్రత్యక్ష సేవ, నలభై నిమిషాలు.

ఈసారి మౌనం నలభై ఒక్క సెకన్లు.
దాని పక్కన ఎర్ర సిరా ఏమీ అడగలేదు.
అడుగున మాత్రం:
"కుర్చీలు ఎందుకు తిప్పారో ఒక పేజీ రాయండి,
కనీసం రెండు ఆధారాలు చూపండి."

మొదటిది లైబ్రరీలో దొరికింది.
రెండోదిగా రాశాను:
బస్సు నంబరు పదకొండు, పద్నాలుగేళ్లు.
ఒక మార్కు తగ్గించింది.