వాటా

పాలకొల్లులో, కొబ్బరితాళ్ల కొట్టు మీద గది
మా స్టూడియో.
గోడలకి పీచు పరుపులు,
కింది కొట్టులో అమ్ముడవని సరుకు.
కిటికీకి అవతల కాలువ,
ఇవతల తొమ్మిదేళ్ల కంప్యూటరు.

పెచ్చెట్టి చంద్రమతి గారు
తుఫాను కథ రికార్డు చెయ్యడానికొచ్చిన రోజు
ఇరవై రెండో ట్రాకు దగ్గర దానికి నత్తి పట్టింది.
తంబురా, అందెకి విడిగా ఓ మైకు,
ఏసుపాదం డక్కీ,
రెండో డక్కీ కూడా మళ్లీ ఏసుపాదమే.
ఒక్కో గొంతుకీ కాస్త గుడి మండపమంత మోత,
కాస్త నునుపు, కాస్త బరువు,
అన్నీ ఒక్క ప్రాసెసర్ నెత్తిన.
తెర మీద మీటరు తొంభై ఆరు.
"కెరటం" అన్న చోట
"కెర కెర కెర" అని
టప్పున పగిలింది.

అంతకంటే పెద్ద తంటా హెడ్‌ఫోన్లో.
ఆవిడ పాడిన మాట
లోపలికెళ్లి, లెక్కలన్నీ కట్టించుకుని
తిరిగి చెవిలో పడేసరికి
రెప్పపాటు ఆలస్యం.
రెప్పపాటే.
నిలబడి కథ చెప్పే మనిషికి
రెప్పపాటంటే ఒక అడుగు.
అడుగు తప్పింది, అందె ఆగింది.
"నా ఎనకాల ఎవరో వెక్కిరిత్తన్నారండి" అంది.

ఎవరూ లేరు.
ఆవిడ ఎడం పక్కన అసలెవరూ లేరు.
మొన్న ఆషాఢంలో హాస్యవంత బుల్లియ్య పోయాక
అతని ముక్కలూ ఆవిడే చెబుతోంది.
కుడికి తిరిగి కథ,
ఎడమకి తిరిగి నవ్వు,
మధ్యలో ఊపిరికి జాగా లేదు.

వారం వాయిదా వేశాను.
తాడేపల్లిగూడెంలో స్టూడియో మూసేసిన మార్టిన్ గారి దగ్గర
ఒక కార్డు ఉందని తెలిసి
పాత హార్మోనియం, పైన నాలుగు వేలు ఇచ్చి
లుంగీ గుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చాను.
అరచేతి పొడవు పచ్చ రేకు,
దాని మీద నాలుగు నల్ల చిప్పులు.
ఉత్తరం టైపు చెయ్యడం రాదు దానికి,
బొమ్మ చూపించడం రాదు.
శబ్దం తప్ప ఇంకో లోకం తెలీదు.
డబ్బా విప్పి, దుమ్ము ఊది, బిగించి
మోతలూ నునుపులూ దానికి అప్పగించాను.
మీటరు దిగింది. అరవై. నలభై.
ముప్పై ఒకటి దగ్గర కుదురుగా కూర్చుంది.
ఫ్యాను గురక కూడా తగ్గింది.
అప్పుడు మొదటిసారి
నా గదిలో నాకు కాలువ వినబడింది.

చంద్రమతి గారు డబ్బా లోపలికి తొంగి చూసి
"ఏంటండి ఇది?" అంటే
ధవళేశ్వరం, ఆనకట్ట, పాయలు, కాలువలు,
పెద్ద పోలికొకటి సిద్ధం చేసుకున్నాను.
గొంతు సవరించుకునే లోపే
"వంతన్నమాట" అనేసింది.
"పాడుద్దా?"
"పాడదండి. మోస్తుంది."
"ఆయ్" అని అందె వేలికి తొడుక్కుంది.

ఆ రాత్రి ఒక్క ఊపున
ఊళ్లు మునిగాయి, కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి,
చూరు పట్టుకుని ఓ పసిపాప మిగిలింది.
ఆవిడ నోట్లోంచి మాట రావడమూ
చెవిలో పడడమూ ఒకటే.
ఎక్కడా చిటుక్కుమనలేదు.
బుల్లియ్య నవ్వు రావాల్సిన చోట మాత్రం
ఆవిడ ఎడమకి తిరిగి
ఏమీ అనకుండా
రెండు తాళాలు వదిలేసింది.
ఆ ఖాళీలో కాలువ కప్ప ఒకటి పడింది.
నేను తీసెయ్యలేదు.
తీసేదాకా వచ్చి, మౌసు మీంచి చెయ్యి తీసేశాను.

డబ్బులు లెక్కపెట్టి నాకు నాది ఇచ్చి,
ఏసుపాదానిది ఏసుపాదానికిచ్చి,
మూడో వాటా వేళ్ల మధ్య పట్టుకుని
కాసేపు నిలబడింది.
"బుల్లియ్య పెళ్లానికి సగం ఎట్టాలండి" అని
సగం బొడ్లో దోపుకుని
మిగతా సగం కంప్యూటరు డబ్బా కింద దూర్చింది.
"కట్టం ఎవరిదైనా కట్టమే."

చాలాసేపు వద్దన్నాను.
ఆవిడ చెప్పు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

ఆ రెండొందలూ
పదిహేను రోజులు అక్కడే ఉన్నాయి.
పదహారో రోజు కరెంటు బిల్లులో కలిపి కట్టాను.
దాని తిండి అదే కదా.