ఏడో పాదంలో కామా

హాలిఫాక్స్‌లో గురువారం, ఆఖరి పీరియడ్.
కిటికీ అవతల వాన, కొండవాలున పాత మిల్లు గొట్టం,
లోపల తడిసిన కోట్ల వాసన.
పదిహేడేళ్ల వాళ్లు పదకొండు మంది
చేతుల్లో మూడు రంగుల హైలైటర్లతో
వేటకొచ్చినట్టు కూర్చున్నారు.

పద్యం చిన్నదే, పద్నాలుగు పాదాలు.
ఒక ముసలామె గేటు వేసి లోపలికి పోతుంది, అంతే.
భర్తను పూడ్చిపెట్టి వచ్చిందని ఎక్కడా ఉండదు.
గుమ్మం పక్క రెండు జతల బూట్లలో
ఒకటే తడిగా ఉందని ఉంటుంది.

"ఉపమ దొరికింది మిస్" అంటాడు కోరీ,
సోఫా సందులో చిల్లర దొరికినట్టు.
దొరికితే సరిపోదు నాయనా,
అదక్కడ ఏం పని చేస్తోందో చెప్పు.

గోరంతను కొండంత చేయడం
మా ఇంట్లో తిట్టు.
ఇక్కడ దానికే నాకు జీతం.

అందుకే ఏడో పాదం దగ్గర ఆగుతాను.
తొమ్మిదేళ్లుగా అక్కడే ఆగుతున్నాను.
గేటు వేసింది, లోపలికి పోయింది.
ఆ కామాను చూడండి అంటాను.
గడియ మీద చెయ్యి ఇంకా ఉంది.
వెనకాల ఇంకొకరు వస్తారని
నలభై ఏళ్ల అలవాటు ఒక్క ఊపిరిసేపు నిలబడింది.
ఇక్కడ గొంతు కొంచెం తగ్గిస్తాను.
అదీ తొమ్మిదేళ్ల అలవాటే.

సిద్రా చెయ్యెత్తింది.
టౌన్ లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం ఒళ్లో ఉంది.
"మిస్, ఇందులో కామా లేదు."

పుస్తకం బల్లలన్నీ తిరిగి నా దగ్గరికొచ్చింది.
లేదు.
పాత కాగితాల ఫైలు దించాం.
ఏ కాగితం చూసినా
ఎడమ అంచుకి అంతే దూరంలో అదే తోకచుక్క.
పోయిన వారం హోంవర్క్ షీటు మీద కూడా,
సోమవారం అన్న మాట నడుం విరుస్తూ.
జిరాక్స్ మెషీన్ అద్దం మీద మరక.

క్లాసు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.
నవ్వుతూనే లెక్కేసుకుంటున్నాను
ఆ ఊపిరి గురించి రాసి గ్రేడ్లు తెచ్చుకుని
యూనివర్సిటీలకి వెళ్లిపోయిన వాళ్లని.
టామ్‌సిన్ ఓల్డ్‌రాయిడ్ గుర్తొచ్చింది.
ఆ విరామం మీద రెండు పేజీలు రాసింది,
వాళ్ల నాన్న పోయిన ఏడాది.
మార్జిన్‌లో ఆకుపచ్చ ఇంకుతో "ఆధారం?" అని రాసి
మళ్లీ నేనే కొట్టేశాను.

నూజివీడు హైస్కూల్లో మా తెలుగు మాస్టారు అనేవారు:
పద్యంలో కామాలుండవు,
ఎక్కడ విరవాలో నీ ఊపిరికి తెలియాలి అని.
తప్పుగా విరిస్తే
మా అరచేతుల మీద స్కేలు విరిగేది.

సరే, కామా తీసేసి చదవండి అన్నాను.
ఎవరూ చదవలేదు.
చాలాసేపటికి కోరీ, హైలైటర్‌కి మూత పెట్టి,
గేటు వేసింది లోపలికి పోయింది
అని చదివి,
మళ్లీ చదివాడు, ఇంకొంచెం తొందరగా.
"ఆగితే పడిపోతుందేమో మిస్.
అందుకే ఆగలేదేమో."

దాన్నేమంటారో వాడికి తెలియదు.
దానికి ఏ గడిలో మార్కు వేయాలో నాకూ వెంటనే తట్టలేదు.
ఎవరి పెన్నూ కదల్లేదు.
ఒక్క వానే ఆగకుండా.

గంట కొట్టారు. కుర్చీల చప్పుడు.
సిద్రా గుమ్మంలో వెనక్కి తిరిగి "సారీ మిస్" అంది,
ఏదో చేయిజార్చి పగలగొట్టినట్టు.

అందరూ వెళ్లాక స్టాఫ్‌రూమ్‌లో
మెషీన్ మూత ఎత్తి అద్దాన్ని గీకాను.
ఎప్పటిదో, ఎవరిదో, ఎండిన ఇంకు.
ఊడొచ్చింది. గోరంత కూడా లేదు.
గోటి కొసన పట్టుకుని
అలాగే నిలబడ్డాను,
ఎక్కడ పెట్టాలో తెలియక.